అయిపోయాక ఫొటో కాదు, ముందు రోజు కబురు కావాలి

సంపాదకులకు నమస్కారం.

మా ఊరి పేరు రాయడం లేదు, ఇది ఒక్క మా ఊరి సమస్య కాదు కాబట్టి. సముద్రం ఒడ్డున ఒక చిన్న మున్సిపాలిటీ, పక్కన ఏరు కలిసే మొగ, నాలుగు బోట్లు ఆగే రేవు, ఇలాంటి ఊళ్లు మన కోస్తా పొడవునా ఉన్నాయి. వాటన్నిటి తరఫున రాస్తున్నాననుకోండి. మీ జిల్లా పేజీలు రోజూ మొదటి నుంచి చివరిదాకా చదువుతాను. మా ఊళ్ల గురించి అందులో వచ్చేవి దాదాపు అన్నీ అప్పటికే జరిగిపోయిన సంగతులు. కంటి పరీక్షల శిబిరం జరిగింది, కౌన్సిల్ సమావేశం వాడివేడిగా సాగింది, విద్యార్థులు బీచ్ శుభ్రం చేశారు, కింద ఒక ఫొటో, ఫొటోలో నిలబడ్డవాళ్ల పేర్లు వరసగా. అది చూసి "అయ్యో, నిన్ననే అయిపోయిందా" అనుకునేవాళ్లు ప్రతి వీధిలో ఉంటారు. చూపు మందగించి శిబిరం ఎప్పుడు పెడతారా అని చూస్తున్న పెద్దావిడకి ఆ వార్త ఎందుకు పనికొస్తుంది చెప్పండి. ఆమెకి కావాల్సింది ముందు రోజు రెండు లైన్లు: ఎక్కడ, ఎన్ని గంటలకి, వెంట ఏం కాగితాలు తెచ్చుకోవాలి.

నేను అడిగేది ఇదొక్కటే. జరగబోయేది ముందుగా వేయండి.

శిబిరాల సంగతి చిన్నదే అనుకుందాం. ప్రజాభిప్రాయ సేకరణ సంగతి చిన్నది కాదు. తీరంలో పెద్ద ఫ్యాక్టరీ గానీ పోర్టు గానీ రావాలంటే, 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం చాలావాటికి ముందు బహిరంగ విచారణ జరగాలి. కనీసం 30 రోజుల ముందు ఒక జాతీయ దినపత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో ప్రకటన ఇవ్వాలి. ఇస్తారు కూడా. కానీ అది టెండర్ నోటీసుల మధ్య చిన్న అక్షరాల్లో, ఆఫీసు భాషలో ఉంటుంది, వలలు బాగు చేసుకుంటూ పేపర్ తిరగేసే మనిషికి అది తన గురించేనని ఎలా తెలుస్తుంది? మీరు ఆ ప్రకటన వేసి డబ్బు తీసుకున్నారు, అందులో తప్పేం లేదు, అదే రోజు పక్క పేజీలో దాన్ని మామూలు తెలుగులో ఒక వార్తగా రాయొచ్చు కదా. ప్రాజెక్టు ఏమిటి, విచారణ ఎక్కడ, దాని పర్యావరణ ప్రభావ నివేదిక చూడాలంటే ఏ ఆఫీసుకి వెళ్లాలి (కలెక్టరేట్‌లో ఉంచాలి, దాని సారాంశం తెలుగులో కూడా ఉండాలి), రాలేనివాళ్లు తమ అభిప్రాయం రాసి పంపొచ్చని, వచ్చిన ప్రతి ఒక్కరికీ మాట్లాడే అవకాశం ఇవ్వాలని, మొత్తం వీడియో తీస్తారని. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఆ విచారణకి ఇంతమంది రావాలనే కోరం నిబంధన లేదు. అంటే కబురు తెలియక ఊరంతా ఇంట్లో కూర్చున్నా విచారణ జరిగినట్టే లెక్క. మర్నాడు మీరు "ప్రశాంతంగా ముగిసిన ప్రజాభిప్రాయ సేకరణ" అని హెడ్డింగ్ పెడితే, వలేసుకునేవాడికి అప్పుడు తెలుస్తుంది తను వెళ్లాల్సిన చోటికి వెళ్లలేదని. నాకు బాధ ఇక్కడే.

ఇక సముద్రం. తీరంలో ఉన్నవాళ్లకి ముందు తెలియడం అంటే ఏమిటో 1977 నవంబర్ 19న దివిసీమలో తెలిసింది. ఆ ఉప్పెనలో వేలమంది పోయారు. ఇప్పుడు పరిస్థితి చాలా మారింది, తుఫాను వస్తుందంటే వాతావరణ శాఖ నాలుగు దశల్లో చెబుతోంది: 72 గంటల ముందు ఒక సూచన, 48 గంటల ముందు అప్రమత్తత, 24 గంటల ముందు హెచ్చరిక, తీరం దాటడానికి 12 గంటల ముందు దాటాక ఎలా ఉండబోతోందనే అంచనా. సమాచారానికి కొరత లేదు, అది మాకు అర్థమయ్యే రూపంలో రావడమే కొరత. "రేవులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక" అని మీరు వేస్తారు. మూడంటే ఏమిటో ఎప్పుడైనా పక్కన ఒక డబ్బా కట్టి వేశారా? ఒకటి, రెండు అంటే ముప్పు ఇంకా దూరంగా సముద్రంలో ఉందని. మూడు, నాలుగు అంటే ఈ రేవుకే ఈదురుగాలుల ముప్పు రావచ్చని. అయిదు నుంచి ఏడు దాకా ప్రమాదం, ఎనిమిది నుంచి పది దాకా తీవ్ర ప్రమాదం, పదకొండు అంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని. ఇంత చిన్న విషయం తెలియక మొదటి నంబరుకే టెన్షన్ పడి సామాన్లు సర్దేవాళ్లున్నారు, ఎనిమిదో నంబరు పడ్డా "ఎప్పుడూ ఉండేదే" అని రేవులో కూర్చునేవాళ్లూ ఉన్నారు. రెండోవాళ్ల గురించే నా భయం.

తుఫాను లేని రోజు సంగతి కూడా ఉంది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్, 1999లో పెట్టిన సముద్ర సమాచార సంస్థ, అలల హెచ్చరికలు ఇస్తుంది. ఎక్కడో దక్షిణ హిందూ మహాసముద్రంలో లేచిన అలలు వేల కిలోమీటర్లు దాటి మన ఒడ్డుకి వస్తాయి. ఇక్కడ గాలి ఉండదు, ఆకాశం నిర్మలంగా ఉంటుంది, అందుకే ఎవరూ జాగ్రత్త పడరు. సెలవు రోజున పిల్లలతో ఒడ్డుకొచ్చిన కుటుంబానికి ఆ సంగతి పొద్దున పేపర్లో ఉంటే ఎంత మేలు! అదే సంస్థ చేపలు ఎక్కువగా దొరికే చోట్ల వివరాలు తెలుగులోనూ ఇస్తుంది. మీ జిల్లా పేజీలో బంగారం ధర రోజూ ఉంటుంది, అది ఉండాల్సిందే, కానీ పోటు ఎన్ని గంటలకో, అల ఎంత ఎత్తు ఉండొచ్చో చెప్పే ఒక వరస మాత్రం లేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో 61 రోజులు వేట నిషేధం. నిషేధం మొదలైన రోజు వార్త వస్తుంది, ముగిసిన రోజు బోట్ల ఫొటో వస్తుంది. ఆ మధ్యలో భృతి కోసం ఎవరి పేరు జాబితాలో ఉందో ఎక్కడ చూసుకోవాలి, పేరు లేకపోతే ఏ తేదీలోగా ఎవరికి చెప్పుకోవాలి అన్నదే ఆ ఇళ్లకి అసలైన వార్త.

వాట్సాప్ ఉంది కదా అంటారు. ఉంది, గాలివాన మొదలవగానే ఎప్పటిదో వేరే దేశం వీడియో తెచ్చి "మన రేవులో ఇప్పుడే" అని పంపేది అక్కడే. దాన్ని కాదనాలంటే జనం నమ్మే చోటు ఒకటి ఉండాలి, మా ఊళ్లో ఇప్పటికీ అది పేపరే.

స్థానిక పత్రిక లేకపోతే ఏమవుతుందో అమెరికాలో లెక్కగట్టి చూశారు. ఒహాయో నది ఒడ్డున సిన్సినాటి పోస్ట్ అనే పత్రిక 2007 చివరిరోజు మూతపడింది. నదికి అవతల ఆ పత్రిక చదివే చిన్న ఊళ్లలో ఆ తర్వాత స్థానిక ఎన్నికలకి నిలబడేవాళ్లు తగ్గారని, ఓటు వేసేవాళ్లు తగ్గారని, ఉన్నవాళ్లే మళ్లీ గెలవడం పెరిగిందని ఆ అధ్యయనంలో తేలింది. మనకి అంత దూరం పోనక్కర్లేదు. కృష్ణాపత్రిక 1902లో మొదలైంది మచిలీపట్నంలో, ఒక రేవు పట్టణంలో. తీరంలోని ఊరు తన గొంతు తాను వినిపించుకున్న చరిత్ర మన భాషలోనే ఉంది.

విలేకరుల్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఒక్క మనిషి మూడు మండలాలు తిరగాలి, చాలాచోట్ల జీతం కాని జీతం, పైగా పండగొస్తే ప్రకటనలు తెమ్మనే ఒత్తిడి. ఆ మనిషి ఫొటో, ప్రెస్‌నోట్ ఎవరిస్తే వాళ్ల వార్త ముందు పంపడంలో ఆశ్చర్యం లేదు. అందుకే పని పెంచమని అడగడం లేదు. వారానికి ఒకరోజు, శనివారమైతే బాగుంటుంది, జిల్లా పేజీలో పావు పేజీ మా తీరం ఊళ్లకి ఇవ్వండి. వచ్చే ఏడు రోజుల్లో కౌన్సిల్ సమావేశం ఎప్పుడు, అజెండాలో ఏముంది, కరెంటు ఏ వార్డులో ఎన్ని గంటలు తీస్తారు, ఏరు దాటించే పంటు ఏ రోజు తిరగదు, శిబిరాలు, లైబ్రరీలో పిల్లల పోటీలు, రక్తదానం, గ్రామసభలు. వివరాలు పంపడానికి ఊళ్లో మనుషులున్నారు: లైబ్రేరియన్, బడి టీచర్లు, బోటు యజమానుల సంఘం, డ్వాక్రా మహిళలు. పంపడానికి ఒక నంబరు ఇచ్చి, గురువారం సాయంత్రంలోగా అని గడువు పెట్టండి. సంబంధిత ఆఫీసుకి ఒక్క ఫోన్ చేసి తేదీ సరిచూసుకుని వేయండి. తేదీ మారితే మారిందని మర్నాడు అదే చోట వేయండి, ఎక్కడో లోపలి పేజీలో కాదు.

ఈ వారమే మొదలుపెట్టగలిగితే మా వార్డు వివరాలు సేకరించి పంపే బాధ్యత నేను తీసుకుంటాను.

ఇట్లు,
మీ పాఠకుడు