వాయిదా గారి వాషర్

ఒరేయ్ సూరిబాబూ,

తిట్టుకుంటూనే ఉండి ఉంటావు. సంక్రాంతికి నువ్వు రాసినదానికి ఎండాకాలంలో జవాబు. ఏం చెయ్యనురా, రాద్దామని కూర్చుంటే నిద్ర, లేస్తే సైటు. ఇక్కడ అందరూ బాగానే ఉన్నారు. అమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి, మీ చెల్లెమ్మ నిన్ను అడిగినట్టు చెప్పమంది, పెద్దదానికి పదో తరగతి పరీక్షలు అయిపోయాయి. మస్కట్‌లో ఎండల గురించి అడగను, ఇక్కడివే చాలు. క్షేమసమాచారం అయిపోయింది. ఇప్పుడు అసలు సంగతి.

నువ్వు వెళ్తూ వెళ్తూ నా చేతిలో పెట్టిన ఎయిర్‌లెస్ గన్ ఉందే, గాలి లేకుండా మిషన్ ప్రెషర్‌తోనే రంగు చిమ్మేది, దాని కడుపులో ఏం దొరికిందో తెలుసా? ఆగు, మొదట్నించీ చెప్తాను.

మధ్యలో దాన్ని వాయిదా గారు పట్టుకెళ్ళారు. ఎవరో చెప్పక్కర్లేదుగా. "సోమవారం పక్కా" అంటే చాలు, నీకు అక్కడ నవ్వొస్తుంది. ఏదో అపార్ట్‌మెంట్‌లో ఎమల్షన్ కొట్టాలి, వెంటనే ఇచ్చేస్తా అన్నారు. ఆ తర్వాత ఎన్ని సోమవారాలు పోయాయో. చివరికి తెచ్చిచ్చినప్పుడు మాత్రం తళతళలాడించి, కవర్లో చుట్టి మరీ ఇచ్చారు. ఆయన చేతిలోంచి ఒక వస్తువు అంత శుభ్రంగా వెనక్కి రావడం నువ్వెప్పుడైనా చూశావా?

సరే, ఇళ్ళ పనుల్లో వాడుతూనే ఉన్నాం. నీళ్ళ రంగు కదా, ఏ ఇబ్బందీ లేదు. ట్రిగ్గర్ వదిలాక రంగు బయటికొచ్చే టిప్ దగ్గర రెండు చుక్కలు కారేవి, అంతే. టిప్ అరిగిందన్నాడు చంటిగాడు. వాడు నా దగ్గర కొత్త కుర్రాడులే, చురుకైనవాడు. టిప్ మీద 517 అంటే ఏంటో చెప్పరా అంటే గడగడా చెప్తాడు: ఐదు రెళ్ళు పది, అడుగు దూరం నుంచి కొడితే పది అంగుళాల పట్టీ పడుతుంది, 17 అంటే రంధ్రం అంగుళంలో వెయ్యికి 17 వంతులు. కొత్త టిప్ వేశాడు. చుక్కలు ఆగలేదు. ఎందుకు ఆగుతాయి? టిప్ అరిగితే పట్టీ సన్నబడుతుంది, రంగు ఎక్కువ తాగుతుంది. వదిలాక కారుతోందంటే లోపల రంగు దారి మూసే నీడిల్ వెళ్ళి, అది ఆనే సీటు మీద సరిగ్గా కూర్చోవట్లేదని. ఈ పని అవగానే విప్పి చూద్దాం అనుకుంటుండగా పాశమైలారంలో షెడ్డు పని వచ్చి పడింది.

ఇనప స్తంభాలు, ట్రస్సులు, అన్నిటికీ ఎపాక్సీ ప్రైమర్, బేస్, హార్డెనర్ రెండూ కలిపి కొట్టే తొలి పూత. బేస్‌లో హార్డెనర్ కలిపాక ఈ ఎండలో గట్టిపడకుండా ఎంతసేపు ఆగుతుందో నీకు నేను చెప్పాలా? గబగబా కొట్టుకుంటూ పోతున్నాం. ఓ గంట బాగానే నడిచింది. తర్వాత ట్రిగ్గర్ బిగుసుకోవడం మొదలైంది. చంటిగాడు స్తంభం కొట్టడం అయిపోయి ట్రిగ్గర్ వదిలాడు చూడు, గన్ ఆగలేదు! ట్రిగ్గర్ వెనక్కి వచ్చేసింది, రంగు మాత్రం జోరుగా కొడుతూనే ఉంది. వాడు కంగారుపడి అటు తిరిగాడు. అటు సూపర్‌వైజర్ గారు నిలబడి ఫోన్ మాట్లాడుతున్నారు. తెల్ల హెల్మెట్ మీద నిలువునా బూడిదరంగు నామం! ఆయన నోట్లోంచి వచ్చిన మాటలు ఉత్తరంలో రాయలేను, నువ్వు వచ్చినప్పుడు చెప్తాను, యాక్షన్‌తో సహా.

నవ్వు ఆపు, ఇప్పుడొచ్చేది నవ్వే విషయం కాదు. వాడు ఆ ధార ఆపుదామని బొటనవేలు టిప్ ముందుకి పెట్టబోయాడురా. నా గుండె ఆగిపోయింది. ఒక్క అరుపు అరిచాను. మిషన్ దగ్గరే ఉన్నాను కాబట్టి స్విచ్ కట్టేసి, ప్రెషర్ వదిలేసే ప్రైమ్ వాల్వ్ తిప్పేశాను. కారు టైర్లో గాలి ముప్పై చిల్లర పీఎస్ఐ ఉంటుంది, ఇది మూడు వేల దాకా వెళ్తుంది. తోలు దాటి లోపలికి పోతుంది రంగు. పైకి సూది గుచ్చినంత చుక్క కనబడుతుంది, మొదట నొప్పి కూడా పెద్దగా ఉండకపోవచ్చు. పసుపు రాసుకుని పనిలోకి పోతే వేలే తీసేయాల్సి రావచ్చు. వెంటనే పెద్దాసుపత్రికి పరిగెత్తి, రంగు ప్రెషర్‌తో లోపలికి దిగిందని డాక్టరుకి విడమరిచి చెప్పాలి. ఇదంతా వాడికి ముందే చెప్పాను, అయినా కంగారులో చెయ్యి దానంతటదే పోతుంది. మీ వాళ్ళకి కూడా ఇంకోసారి చెప్పు. నిజంగా చెప్పు. ఆ రాత్రి నాకు అన్నం...

సరేలే. అక్కడ ఏడుస్తూ కూర్చుంటే హోస్ గట్టిపడుతుంది కదా. మిషన్ ఆపి ప్రైమ్ వాల్వ్ తిప్పేశాం కాబట్టి ప్రెషర్ పోయింది. గన్ ఊడదీసి, ప్రెషర్ నాబ్ బాగా తగ్గించి, హోస్‌లోంచి నేరుగా బకెట్లోకి థిన్నర్ తోలాం, తేటగా వచ్చేదాకా. తర్వాత గన్ బల్ల మీద పెట్టి ఆపరేషన్. చంటిగాడికి చూపిస్తూ విప్పాను. ముందు భాగం తిప్పేటప్పుడు ట్రిగ్గర్ నొక్కి పట్టుకోవాలి, లేకపోతే నీడిల్ మొన సీటుని గీకేస్తుంది. అది మాకు నేర్పింది నువ్వే. నీడిల్ మెల్లగా తట్టి ముందు నుంచి లాగానా, దాని మీద సీల్ ఉండాల్సిన చోట...

నల్ల రబ్బరు రింగు! కుళాయికి వేసే సైజుది. నీ గన్‌లో తెల్ల టెఫ్లాన్ సీల్ ఉండేది. ఈ రబ్బరు ఎపాక్సీ థిన్నర్ తగిలి, నూనెలో గారె పొంగినట్టు పొంగి కూర్చుంది. ఇంక స్ప్రింగ్ ఎంత తోస్తే మాత్రం నీడిల్ కదుల్తుందా? నీళ్ళ రంగులో ఇన్నాళ్ళూ మెదలకుండా ఉంది, థిన్నర్ తగలగానే బయటపడింది. ఇంకా ఉంది విను. సీటు మీద సన్నగా గాడి, లోపలి మూలల్లో తెల్లటి గట్టి పలుకులు. రంగుకి ముందు గోడకి పట్టించే లప్పం! ఎమల్షన్ అని చెప్పి దీంతో లప్పం కొట్టాడురా మహానుభావుడు. ఆ గరుకుకి సీటూ సీలూ అరిగి కారుతుంటే, ఓ రబ్బరు రింగు తొడిగేసి, పైన మెరుగు పెట్టి నాకు అప్పజెప్పాడు.

మర్నాడు పొద్దున్నే రాణీగంజ్. సీల్ ఒక్కటే ఇవ్వండి అంటే విడిగా రాదు, నీడిల్‌తో కలిపి సెట్టే కొనాలన్నాడు. కౌంటర్లో ఇంకో ఆయన "అదే సైజు ఓ-రింగ్ ఉంది, పావలా ఖర్చు, ఎవరికి తెలుస్తుంది" అన్నాడు. నాకు ఎలా మండిందో ఊహించుకో. సెట్టు రేటు విని కళ్ళు తిరిగాయి, అయినా కొన్నాను, సీటుతో సహా. డబ్బు పోతే పోయిందిరా, చంటిగాడి వేలు రాణీగంజ్‌లో దొరకదు.

బిగించడం పెద్ద పని కాదు. సీళ్ళకి గ్రీజు రాసి, నీడిల్ ముందు నుంచి తిన్నగా తోసి, ముందు భాగం మళ్ళీ ట్రిగ్గర్ నొక్కిపట్టే బిగించాం. వెనక నట్టు నీడిల్ కాస్త కదిలేదాకా తిప్పి, అక్కణ్ణించి ముప్పావు చుట్టు వెనక్కి. తక్కువ ప్రెషర్‌లో థిన్నర్ పెట్టి చూశాం. వదిలితే టక్కున ఆగుతోంది, ఒక్క చుక్క లేదు. చంటిగాడు ఊరికే నొక్కడం, వదలడం, నొక్కడం, వదలడం. థిన్నర్ అయిపోతుందిరా అని నేనే లాక్కోవాల్సి వచ్చింది.

వాయిదా గారికి ఫోన్ చేశాను. సెట్టు డబ్బులు అడుగుదామని. నేను నోరు తెరవకముందే ఏమన్నాడో తెలుసా? గన్ ఇంకోసారి కావాలట, సోమవారం... ఉండు, మనుషుల్ని పైకెత్తే సీజర్ లిఫ్ట్ వాడు వచ్చి హారన్ కొట్టి చంపుతున్నాడు. వీడు గంటల లెక్కన డబ్బులు తీసుకుంటాడు. మిగతాది ఫోన్లో...