నాచు చెరువులో మైలుతుత్తమా?

సంపాదకుల వారికి,

కొల్లేరు చుట్టుపక్కల చేపల చెరువుల్లో ఎండాకాలం నీటిపై ఆకుపచ్చ రంగు ఒలకబోసినట్టు తెట్టు కడితే చాలామంది వెంటనే మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కొట్టేస్తున్నారు. అది మైక్రోసిస్టిస్ అనే విషపు నాచైతే అదే కొంప ముంచుతుంది. కణాలు ఒక్కసారిగా పగిలి, లోపలున్న మైక్రోసిస్టిన్ విషం నీళ్లలో కలిసి చేప కాలేయాన్ని దెబ్బతీస్తుంది. చచ్చిన నాచు కుళ్లుతూ ఆక్సిజన్‌ను లాగేస్తుంది. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ బాగా తగ్గిపోతే శీలావతి, బొచ్చె చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. మధ్యాహ్నం నీటి పీహెచ్ (ఆమ్ల-క్షార గుణాల కొలత) 9 దాటితే అమ్మోనియా విషం పెరుగుతుంది. ఆ వేళ కొలిచేవారేరీ?

ముందు మేత, కోళ్ల పెంట ఆపాలి. గాలివాటున మూలకు చేరిన తెట్టును తోడెయ్యాలి. రాత్రంతా ఏరియేటర్లు (నీటికి గాలి పట్టించే యంత్రాలు) తిప్పాలి. మైక్రోసిస్టిన్ విషం ఉడికించినా పోదు. అలాంటి చెరువు చేపల కాలేయం, పేగులు ఎవరూ తినకూడదు.

– మత్స్య సాంకేతిక నిపుణులు, కైకలూరు