లోయ నమూనా ముందు నాయనమ్మ

మాచర్ల,
ఆదివారం రాత్రి

చిట్టితల్లీ,

నిన్న ఫోన్లో నీ గొంతు విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. నీ ఎగ్జిబిషన్ డిజైన్ కోర్సు కోసం మూడు వారాలు నిద్ర మానుకుని కట్టిన ఫోమ్‌బోర్డ్ మోడల్ చూసి, దాన్ని పరీక్షించే జ్యూరీలో ఒక మేడమ్ "ఇందులో మనుషులెక్కడ?" అని అడిగి ఊరుకున్నారన్నావు. చెప్పకపోయినా ఏడ్చావని నాకు తెలుసు. ఫోన్లో నాకు మాటలు కుదరలేదు. అందుకే రాస్తున్నాను.

నువ్వు పంపిన ఫొటోలు పెద్దవి చేసుకుని మళ్ళీ మళ్ళీ చూశాను. ముంపు ఊరి మీద గ్యాలరీ అనే ఆలోచన చాలా బాగుంది. నీళ్ళ ప్రొజెక్షన్ గోడ, టచ్ స్క్రీన్లు, నీలం వెలుతురు, అన్నీ శ్రద్ధగా చేశావు. మోడల్లో అట్టతో కోసి నిలబెట్టిన చిన్న మనుషుల్ని కూడా చూశాను. అందరిదీ ఒకే ఎత్తు. అందరూ నిటారుగా నిలబడ్డారు. ఒక్కరూ కూర్చోలేదు, ఎవరి చంకలోనూ పిల్ల లేదు, ఎవరి చేతిలోనూ కర్ర లేదు. ఆ మేడమ్ అడిగింది దాని గురించేనేమో అనిపించింది.

నాయనమ్మను నాగార్జునకొండకు తీసుకెళ్ళిన రోజు గుర్తుందా? నువ్వప్పుడు ఆరో తరగతి. విజయపురి సౌత్ దగ్గర లాంచీ ఎక్కాం. నువ్వు రెయిలింగ్ పట్టుకుని గెంతుతుంటే ఆవిడ దారి పొడుగునా నీళ్ళకేసి చూస్తూ కూర్చుంది. ఆవిడ పుట్టింది ఆ నీళ్ళ కింద ఉన్న లోయలోనే. 1955 డిసెంబర్‌లో నెహ్రూ గారు నాగార్జునసాగర్ డ్యాంకు శంకుస్థాపన చేసేనాటికి పసిపిల్ల. 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో అక్కడ పెద్ద ఎత్తున తవ్వకాలు జరిగాయి కదా, ఆవిడ నాన్న అక్కడ మట్టి మోసిన కూలీ. ఊరు ఖాళీ చేసి బండెక్కినప్పుడు ఆవిడకు పదేళ్ళు కూడా లేవు.

మ్యూజియంలో ఆవిడ బుద్ధుడి శిల్పాలకు దణ్ణం పెట్టుకుంటూ ముందుకు నడిచింది. మునిగిపోయిన లోయ నమూనా దగ్గరకు రాగానే ఆగిపోయింది. వంగి, వేలితో గాల్లో గీస్తూ, "ఏరు ఇట్టా వచ్చేది. ఇక్కడ చింతచెట్లు. ఈ వార మా దొడ్డి" అని చెప్పడం మొదలుపెట్టింది. నాకు చెబుతోందనుకున్నాను. తిరిగి చూస్తే పదిమంది చుట్టూ చేరి వింటున్నారు. సెల్ఫీలు దిగుతున్న కుర్రాళ్ళు కూడా ఫోన్లు దించేశారు. అందులో ఒకడు, "అవ్వా, మరి మీ గుడి ఎక్కడుండేది?" అని అడిగాడు. ఆ తర్వాత మోకాళ్ళు సహకరించక, నా భుజం పట్టుకుని బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుండిపోయింది. మిగతావి చూడలేదు.

పోయిన నెల నువ్వు పంపిన పాఠంలో ఒక సంగతి ఉంది. బోస్టన్ మ్యూజియంలో పనిచేసిన బెంజమిన్ గిల్మన్ 1916లోనే, జనం మ్యూజియంలో ఎందుకు అలిసిపోతారని వ్యాసం రాశాడని. ఒక మనిషిని వస్తువులు పెట్టే అద్దాల పెట్టెల ముందు నిలబెట్టి, చూడటానికి ఎలా వంగుతున్నాడో, ఎలా గొంతుక్కూర్చుంటున్నాడో ఫొటోలు తీయించాడని. అది చదువుతుంటే నాకు మీ నాయనమ్మ నడుమే కనిపించింది. వందేళ్ళ కిందట ఒకాయన ముందు మనిషి ఒంటిని చూసి, ఆ తర్వాత పెట్టె గురించి మాట్లాడాడు. నువ్వూ అక్కణ్ణుంచి మొదలుపెడితే బాగుంటుందమ్మా.

స్కూలు పిల్లల్ని ఇరవై ఏళ్ళుగా ఇలాంటి చోట్లకు తీసుకెళ్తున్నదాన్ని కాబట్టి ఒకటి చెప్పగలను. నలభై మంది ఒకేసారి వస్తే ముందున్న ఎనిమిది మందికే లేబుల్ కనిపిస్తుంది. వెనకవాళ్ళు ముందువాళ్ళ జడలు చూసి వచ్చేస్తారు. పెద్దవాళ్ళ కంటికి ఆనేలా పెట్టిన అక్షరాలు నాలుగో తరగతి పిల్లకు తల పైన ఉంటాయి. అద్దం మీద లైటు మెరిస్తే లోపల ఏముందో వదిలేసి పిల్లలు తమ మొహాలు చూసుకుంటారు. ఇవన్నీ సాఫ్ట్‌వేర్‌లో కనపడవేమో. నువ్వు రాసిన లేబుళ్ళు మామూలు కాగితం మీద ప్రింట్ తీసి, హాస్టల్ మెస్ గోడకు టేపుతో అంటించు. వంటావిడ ఆగి చదువుతుందా, ఎన్నో లైను దగ్గర వదిలేస్తుంది, పక్కన నిలబడి చూడు. ఆవిడకు హిందీయే వస్తే హిందీలో రాయి. పాత ఉత్తరాలు, చీరలు పెడతానన్నావు కదా, వాటి మీద వెలుతురు 50 లక్స్ (వెలుతురును కొలిచే లెక్క) దాటకూడదని నువ్వే నాకు చెప్పావు. అంత మసకలో నాయనమ్మ కళ్ళు చదవాలంటే అక్షరం ఎంత పెద్దదుండాలో ఆవిడనే అడుగుదాం.

టచ్ స్క్రీన్లు వద్దని నేననను. కానీ అనుపు గుర్తు తెచ్చుకో. ముంపులో పోకుండా రాయి రాయి విప్పి తెచ్చి మళ్ళీ కట్టిన ఆ రంగస్థలం మెట్ల మీద మా పిల్లల్ని కూర్చోబెట్టి, ఒకమ్మాయిని మధ్యలో నిలబడి పద్యం చదవమన్నాను. పై వరుసలో వాళ్ళక్కూడా వినబడింది. ఒకప్పుడు ఈ లోయనేలిన ఇక్ష్వాకు రాజుల కాలంలో ఇక్కడ జనం ఇలాగే కూర్చునేవారని నేను వేరే చెప్పాల్సిన పని లేకపోయింది. వాళ్ళు అప్పటికే కూర్చుని ఉన్నారు.

ఇంకో మాట. ఆ లోయలో పాత స్తంభాన్ని చూసి 1926లో మద్రాసు ప్రభుత్వానికి తెలియజేసింది సూరపరాజు వెంకట్రామయ్య అనే బడిపంతులు. ఈ సంగతి క్లాసులో చెప్పినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది. అప్పటికి ఆ రాళ్ళ పక్కనుంచి ఎంతమంది పశువులు తోలుకెళ్ళారో. ఆయన ఆగి చూశాడు. నీ గ్యాలరీలో రాజుల పేర్లతో పాటు ఆ పంతులు పేరు, మట్టి మోసినవాళ్ళ మాటలు కూడా ఉంటే నాకెంతో సంతోషం.

నువ్వు ఇంజనీరింగ్ వద్దని ఈ కోర్సులో చేరినప్పుడు నేను భయపడ్డాను. "ఎగ్జిబిషన్ అంటే జెయింట్ వీల్ పెట్టడమా?" అని చుట్టాలు అడిగితే జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడడిగితే లోయ నమూనా దగ్గర నాయనమ్మ సంగతి చెబుతున్నాను. ఆవిడ కోసం ఒక గది ఎలా ఉండాలో నేర్చుకుంటోంది మా అమ్మాయి అంటున్నాను.

మోడల్ పారేయకు. గోడలు అలాగే ఉంచి, అట్ట మనుషుల్ని మాత్రం మళ్ళీ కోయి. సంక్రాంతికి వచ్చినప్పుడు ఆవిడ దగ్గర కూర్చుని ఊరి పటం గీయించుకో, మాటలు రికార్డు చేసుకో. ఈమధ్య పేర్లు మరిచిపోతోంది, కానీ పొద్దున పూట బాగా మాట్లాడుతుంది. మళ్ళీ కొండకు వెళ్దామని ఇప్పటికే రెండుసార్లు అడిగింది. శుక్రవారం మ్యూజియం సెలవు, అది కాకుండా చూసుకుని టికెట్ బుక్ చేసుకో. మడత కుర్చీ ఒకటి నాన్న కొనుక్కొచ్చారు.

వేళకు తిను.

మీ అమ్మ