కలెక్టర్ గారికి, బస్టాండు దగ్గర ఫ్లెక్సీ గురించి

నమస్తే సార్. ఫిబ్రవరి 14న మీ వాళ్లు కట్టిన 'భగత్ సింగ్ వర్ధంతి' ఫ్లెక్సీ చూశాను. వాట్సాప్‌లో ఏటా తిరిగే తప్పే అది. భగత్ సింగ్, రాజ్‌గురు, సుఖ్‌దేవ్‌లను లాహోర్ జైల్లో ఉరితీసింది 1931 మార్చి 23 సాయంత్రం. సరే, తేదీ మార్పిస్తారు. నేను అడగాలనుకున్నది ఇంకోటి. భగత్ సింగ్ తోటి విప్లవకారుడు జతిన్ దాస్ ఫొటో ఎందుకు పెట్టరు? బాంబులు చేయడం తెలిసిన 24 ఏళ్ల కుర్రాడు, లాహోర్‌లోనే జైల్లో ఉండగా రాజకీయ ఖైదీలకు సరైన తిండి, చదువుకోడానికి పుస్తకాలు, పేపర్లు కావాలని అన్నం మానేసి, ముక్కులో గొట్టం పెట్టి బలవంతంగా పాలు పోసినా పట్టు వదలక, 63 రోజులకు, 1929 సెప్టెంబర్ 13న ప్రాణం వదిలాడు. శవాన్ని కలకత్తాకి రైల్లో తీసుకెళ్తుంటే దారిపొడుగునా స్టేషన్లలో జనమే. మార్చి 23కి కొత్త ఫ్లెక్సీ వేయిస్తారుగా, ఓ మూల కాస్త చోటు ఉంచండి సార్, ఫొటో నేనే తెచ్చిస్తా.