వాపస్ ఖాళీగ రావాలె సార్

హనుమకొండ,
ఆదివారం పొద్దున

పట్వారీ,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది, తిట్టుకోకు. ఇంట్ల అందరం మంచిగున్నం. ఎండలు షురువైనయి. నీ రెండు చాయ్‌ల బాకీ అట్లనే ఉన్నది. ఇగ అసలు ముచ్చట.

జెనెటిక్ అల్గారిథం (మంచి వరసలను తల్లిదండ్రుల లెక్క కలిపి ఇంకా మంచి వరసలను పుట్టించే ప్రోగ్రాం) వేసిన షెడ్యూలు కాగితం మీద బ్రహ్మాండంగ ఉండి, మీ ఎఫ్‌ఎంఎస్ (కంప్యూటర్ నడిపే మిషన్ల) లైన్ మీద పొద్దెక్కకముందే ఎందుకు చెడిపోతదని అడిగినవ్ గద. దొంగ దొరికిండు రా! మిషన్లు కావు. బండి, అదే ఏజీవీ, మిషన్ల మధ్య పార్టులు మోసే డ్రైవర్ లేని బండి.

కాజీపేట స్టేషన్ కాడి ఆటో అన్న యాదికున్నడా? "వాపస్ ఖాళీగ రావాలె సార్" అని నీ దగ్గర డబుల్ గుంజిండు, నువ్వు వారం రోజులు మొత్తుకున్నవ్. ఆయన లెక్కే కరెక్టు.

పెన్ను తీస్కో. మూడు పార్టులు, రెండు మిషన్లు. ఒకటో పార్టుకు మిల్లింగ్ 8 నిమిషాలు, తర్వాత డ్రిల్లింగ్ 6. రెండోదానికి ముందు డ్రిల్లింగ్ 5, తర్వాత మిల్లింగ్ 7. మూడోదానికి మిల్లింగ్ 4, డ్రిల్లింగ్ 9. క్రోమోజోమ్ అంటే ఉట్టి పార్టు నంబర్ల వరసే: 3 2 1 3 1 2. నంబర్ మొదటిసారి కనపడితే ఆ పార్టు మొదటి పని, రెండోసారి కనపడితే రెండో పని. బండిని మరిచిపోయి లెక్క కట్టు, 20 నిమిషాలల్ల అంతా అయిపోతది. డ్రిల్లింగ్ పనే మొత్తం 20, అంతకంటే తగ్గేది లేదు. చివరి రెండంకెలు తిప్పి 3 2 1 3 2 1 అని రాయి. మళ్ళ 20. అల్గారిథానికి రెండూ ఒక్కటే, ఏది మిగిలినా దానికి ఫరక్ లేదు.

ఇప్పుడు బండిని దించు. ఒక్కటే బండి, వన్‌వే లూపు: లోడింగ్ కాడినుంచి మిల్లింగ్‌కు 2 నిమిషాలు, అక్కడినుంచి డ్రిల్లింగ్‌కు 2, అక్కడినుంచి మళ్ళ లోడింగ్‌కు 2. ఎనక్కి రాదు, సుట్టు తిరగాల్సిందే. మూడో పార్టును మిల్లింగ్ కాడ దించి రెండోదానికోసం ఖాళీగ 4 నిమిషాలు తిరిగొస్తది, చూడు. వరసలో ఉన్నట్టే బండిని తిప్పు (అయిపోయిన పార్టులను వాపస్ తెచ్చే ట్రిప్పు నేను పెట్టలే). మొదటి వరసకు 35 వస్తది, రెండోదానికి 31! కాగితం మీద కవలలు రా అవి.

అందుకే వరసను టైములుగ మార్చే డీకోడర్‌లో మిషన్ ఖాళీ అయ్యే టైముతో పాటు బండి ఎక్కడుంది, ఎప్పుడు ఖాళీ అనేది కూడా రాసుకోవాలె. ఒక్కో అంకెకు ముందు ఖాళీ ట్రిప్పు, పార్టు తయారు కాకపోతే అక్కడ ఆగుడు, ఆపై నిండు ట్రిప్పు. రెండు బండ్లుంటే పార్టు కాడికి ముందుగ చేరేదాన్ని పంపు. 1963ల ఫిషర్, థాంప్సన్ ఇచ్చిన 10 పార్టులు 10 మిషన్ల లెక్కకు 930 టైము యూనిట్లే కనిష్ఠమని రుజువు కావడానికి 1989 దాకా పట్టింది. అండ్ల బండి ఊసే లేదు! బండ్లతో కావాలంటే 1995ల బిల్గే, ఉలుసోయ్ 4 మిషన్లు 2 బండ్లతో ఇచ్చిన లెక్కలున్నయి, నీ ప్రోగ్రాంను ముందు వాటి మీద నడుపు.

ఆఁ, బఫర్ సంగతి మరిచిన. పైన లెక్కల మిషన్ పక్కన పార్టు దించే జాగ ఉందనుకున్న. లేకపోతే 14వ నిమిషానికే ఖతం: బండి ఒకటో పార్టును మిల్లింగ్ కాడికి తెస్తది, ఆరో నిమిషానికే అయిపోయిన మూడోది ఇంకా మిషన్ మీదనే కూసుంటది. దాన్ని తీసేది బండే, బండి చేతులేమో నిండినయి. అసుంటి వరస టైముకు పెద్ద పెనాల్టీ కలిపి ఉంచు, పారెయ్యకు. సగం వరసలు అట్లనే ఉంటే పారేసినాక తల్లిదండ్రులే మిగలరు.

క్రాసోవర్, అంటే రెండు వరసలు కలిపి పిల్ల వరస చేసేది, నడిమికి కోసి అతికినట్టున్నవ్, నాకు అనుమానమే. 3 2 1 3 1 2 ను 1 1 2 2 3 3 తోని నడిమికి కోస్తే పిల్ల 3 2 1 2 3 3. మూడోది మూడుసార్లు, ఒకటోది ఒక్కసారే. మొదటి తల్లి నుంచి 3లను వాటి జాగాలల్లనే ఉంచి, మిగిలిన జాగలను రెండో తల్లి వరసలోనే నింపు: 3 1 1 3 2 2. ఎన్నడూ చెడదు. మ్యుటేషన్‌కు, అంటే వరసను జరంత మార్చేదానికి, రెండంకెలు తారుమారు చేస్తే చాలు. 50 వరసలు, క్రాసోవర్ జరిగే అవకాశం 0.8, మ్యుటేషన్‌ది 0.1తో మొదలుపెట్టు. మంచివాటిని తర్వాతి తరానికి ఒకటి రెండు కంటే ఎక్కువ దాచకు, కొన్ని తరాలకే యాభై ఒక్క మొఖమే పెట్టుకుంటయి, మన బ్యాచ్ ఫొటో లెక్క.

ఇంకా మిషన్‌కు టూళ్ళు పెట్టే టూల్ మ్యాగజైన్ ఉన్నది, జాగలు అయిపోతే మధ్యల టూలు మార్చే టైము ఎవరి మీద వేస్తవ్, అదో పెద్ద... కింద ఆటో వచ్చి హారన్ కొడుతుండు. పోను రాను ఇంకా మాట్లాడుకోలే