కొత్త రివాల్వర్‌ని పరీక్షించాల్సింది కొన్నవాడా?

సంపాదకుల వారికి,

ఎయిర్‌బ్యాగ్‌లో లోపం ఉందని తేలితే కంపెనీ వేల కార్లను వెనక్కి రప్పిస్తుంది, ఆ వార్త మీ పత్రికలోనూ వస్తుంది. తుపాకుల విషయంలో అలాంటి వార్త చాలా అరుదు. తుపాకులు అంత బాగా తయారవుతున్నాయనా? కాదు. కొత్త రివాల్వర్ పెట్టెలోంచి తీసిన రోజే మొరాయించడం మాలాంటి షూటర్లకు తెలిసిన గొడవే, కాకపోతే అది మా మధ్యే తిరిగి మా మధ్యే ఆగిపోతుంది. అందుకే ఈ ఉత్తరం.

నేను టార్గెట్ షూటింగ్ చేస్తాను. ఈమధ్య కొన్న కొత్త రివాల్వర్‌లో గుండ్లు పెట్టే ఆరు గదులకి, అంటే ఛాంబర్లకుగాను అయిదు చక్కగా పనిచేస్తాయి, ఆరోది మాత్రం గుండుని కొట్టి పేల్చే హ్యామర్‌ని నెమ్మదిగా పూర్తిగా వెనక్కి లాగినా గుండు బయటికి వెళ్లే గొట్టానికి, అంటే బ్యారెల్‌కి ఎదురుగా వచ్చి లాక్ అవదు, వెంట్రుకవాసి వెనక ఆగిపోతుంది. సర్వీస్ వాళ్లని అడిగితే వచ్చిన జవాబు, "కొత్తది కదండీ, కొన్ని రౌండ్లు కాల్చండి, అదే సర్దుకుంటుంది." ఈ మాట విని విని విసుగొచ్చింది. ట్రిగ్గర్ గరుకుగా ఉంటే వాడగా వాడగా నునుపెక్కొచ్చు, ఒప్పుకుంటాను. కానీ ఛాంబర్లున్న సిలిండర్‌ని తిప్పే కొక్కెమూ, దాని పళ్లూ అరిగేకొద్దీ ఈ తేడా పెరుగుతుందే తప్ప తగ్గదు.

ఇది చిన్న విషయం కాదని షూటింగ్ తెలియని పాఠకులకు కూడా చెప్పాలి. హ్యామర్ పడే క్షణానికి ఛాంబరూ బ్యారెలూ ఒకే వరసలో లేకపోతే బుల్లెట్ అంచు బ్యారెల్ మొదటి భాగానికి కొట్టుకుంటుంది, చెక్కుకుపోయిన సీసం ముక్కలు పక్కలకి చిమ్ముతాయి, పక్క లైన్లో నిలబడ్డ మనిషి మొహం మీద పడొచ్చు, అందుకే రేంజ్‌లో కళ్లద్దాలు లేకుండా నిలబడనివ్వరు. ఇక సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య సందు మామూలుగా మిల్లీమీటర్‌లో పదో వంతు నుంచి రెండు పదో వంతుల దాకా ఉండాలి. అంతకంటే బాగా తగ్గితే కాసేపు కాల్చగానే వేడికీ మసికీ సిలిండర్ బిగుసుకుపోతుంది, ఎక్కువైతే వేడి గ్యాస్ పక్కకి ఎగజిమ్ముతుంది, బుల్లెట్ వేగం తగ్గుతుంది. ఒక కాగితం మందం తేడాతో మంచి తుపాకీ చెడ్డదైపోతుంది. ఇంత సన్నని లెక్క ఉన్న వస్తువుని ఒక్కొక్కటిగా కొలిచి చూడకుండా పెట్టెలో ఎలా పెడతారో నాకు అర్థం కాదు.

"రివాల్వర్ జామ్ కాదు" అనే నమ్మకం వేరే ఉంది. అందులో సగం నిజం ఉంది. ఒక గుండు పేలకపోతే ట్రిగ్గర్ మళ్లీ నొక్కితే చాలు, తర్వాతిది ముందుకొస్తుంది. కానీ సిలిండర్ లేని పిస్టల్ జామ్ అయితే దాని పైన జారే భాగం, అంటే స్లైడ్ లాగి చాలాసార్లు అక్కడికక్కడే సరిచేసుకోవచ్చు, రివాల్వర్‌లో కాల్చిన గుండ్ల ఖాళీ కేసుల్ని బయటికి తోసే ఎజెక్టర్ రాడ్ వదులై సిలిండర్ తెరుచుకోకపోతే పనిముట్లు పట్టుకుని కూర్చోవాల్సిందే. హ్యామర్‌ని విసిరే మెయిన్ స్ప్రింగ్ బలహీనంగా ఉండి హ్యామర్ దెబ్బ చాలకపోతే అది ఒక్క గుండుతో పోయే సమస్య కాదు, ఆరింటికీ అదే గతి. ఆత్మరక్షణ కోసం కొన్నవాళ్లు ఈ నమ్మకం మీదే దాన్ని డ్రాయర్‌లో పెట్టి నిశ్చింతగా పడుకుంటారు.

మరి ఫ్యాక్టరీలో కాల్చి చూడరా అంటే, చూస్తారు. ఎంత అన్నదే ప్రశ్న. అమెరికాలో కొంతకాలం కొత్త హ్యాండ్‌గన్ (పిస్టల్ గానీ రివాల్వర్ గానీ) పెట్టెలో దానితో కాల్చిన గుండు ఖాళీ కేసు ఉన్న చిన్న కవరు వచ్చేది. మేరీల్యాండ్ రాష్ట్రం 2000లో, కేసు మీది గుర్తులతో తుపాకీని పోల్చుకునే బాలిస్టిక్ రికార్డు కోసం దాన్ని తప్పనిసరి చేసింది, ఉపయోగం లేదని 2015లో ఎత్తేసింది. ఆ కవరు చూసి "టెస్ట్ చేసే పంపారు" అని మురిసిపోయినవాళ్లు ఉన్నారు. ఒక కేసు అంటే ఒక ఛాంబర్‌కే సాక్ష్యం. మిగతా అయిదింటి సంగతేమిటి?

యూరప్‌లో పద్ధతి కొంత గట్టిది. తుపాకుల పరీక్షకు ప్రమాణాలు పెట్టే, 1914లో ఏర్పడ్డ సీఐపీ అనే అంతర్జాతీయ సంస్థ నిబంధనల ప్రకారం సభ్య దేశాల్లో ప్రతి తుపాకీనీ అమ్మకానికి ముందు మామూలు గరిష్ఠ ఒత్తిడి కంటే ఎక్కువ ఒత్తిడితో, హ్యాండ్‌గన్ అయితే 30 శాతం ఎక్కువతో, కాల్చి పరీక్షించి (దీన్నే ప్రూఫ్ అంటారు) ముద్ర వేస్తారు. మంచిదే, కానీ అది పగిలిపోదని చెప్పే పరీక్ష, ప్రతిసారీ సరిగా తిరుగుతుందని చెప్పేది కాదు. కాలిఫోర్నియా చట్టం పనితీరునే చూస్తుంది: మోడల్‌కి మూడు తుపాకులు, ఒక్కోదానితో 600 రౌండ్లు, మొదటి 20లో ఒక్క లోపమూ రాకూడదు, మొత్తం మీద ఆరుకి మించకూడదు. అయితే అది మోడల్‌కి చేసే పరీక్ష. మూడు నెగ్గినంత మాత్రాన తర్వాత లైన్ మీంచి వచ్చే ప్రతిదీ అలాగే ఉంటుందా?

అన్నిటికంటే వింత ఏమిటంటే, అమెరికా 1972 నాటి వినియోగ వస్తువుల భద్రతా చట్టం తుపాకులనీ గుండ్లనీ తన పరిధిలోంచి తీసేసింది. చిన్న గుళ్లు పేల్చే పిల్లల బీబీ గన్‌లో లోపముంటే ఆ చట్టాన్ని అమలుచేసే ప్రభుత్వ సంస్థ కంపెనీని నిలదీయగలదు, అసలు తుపాకీ జోలికి పోయే అధికారం మాత్రం దానికి లేదు. రీకాల్ చేయాలా వద్దా అన్నది తయారుచేసినవాడి ఇష్టం.

కంపెనీలు తలుచుకుంటే చేయలేవా? 1944లో అమెరికా నౌకాదళంలో రివాల్వర్ చేయి జారి ఓడ డెక్ మీద పడి పేలి ఒక నావికుడు చనిపోతే, దాన్ని తయారుచేసిన స్మిత్ అండ్ వెస్సన్ ఆగమేఘాల మీద, ట్రిగ్గర్ నొక్కకుండా హ్యామర్ గుండుని తాకకుండా అడ్డుకునే కొత్త హ్యామర్ బ్లాక్ పెట్టింది. రూగర్ కంపెనీ 1973లో తన సింగిల్ యాక్షన్ (ప్రతిసారీ హ్యామర్‌ని చేత్తో వెనక్కి లాగాల్సిన) రివాల్వర్లలో అలాంటి రక్షణ కోసమే ట్రాన్స్‌ఫర్ బార్ అనే భాగం తెచ్చి, ఆ తర్వాత పాతవాటికి కూడా ఉచితంగా ఆ రక్షణ అమర్చి ఇస్తామని ప్రకటించింది. మొదటి సందర్భంలో ఎదుట ఉన్నది నౌకాదళం, సరుకు మొత్తం తిప్పి పంపగల కొనుగోలుదారు. విడిగా ఒకటి కొనుక్కున్న మనిషికి ఆ బలం ఎక్కడిది? అతను పంపిన తుపాకీ రిపేరై వస్తే అదే మహాభాగ్యం, రావడానికి వారాలు పడితే ఆ టెన్షన్ కూడా అతనిదే.

కాబట్టి అడిగేది ఇదీ. ప్రతి రివాల్వర్‌నీ ప్రతి ఛాంబర్ నుంచీ కాల్చి చూడాలి, సిలిండర్ సందు కొలత, ఎవరు పరీక్షించారన్నది రాసి సంతకంతో పెట్టెలో పెట్టాలి. మోడల్‌వారీగా ఎన్ని వెనక్కొచ్చాయో ఏటా బయటపెట్టాలి. లోపం బయటపడితే రీకాల్‌కి ఆదేశించే అధికారం ఒక ప్రభుత్వ సంస్థకి ఉండాలి. ధర పెరుగుతుందంటారు, పెరగనీయండి. ఇప్పుడు కూడా ఆ పరీక్ష జరుగుతూనే ఉంది, గుండ్ల ఖర్చు, రవాణా ఖర్చు కొన్నవాడు పెట్టుకుంటున్నాడు, అంతే తేడా. మీ విలేకరులు కంపెనీలని కనీసం ఆ వెనక్కొచ్చిన లెక్క అయినా అడగాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక టార్గెట్ షూటర్