పందిని మించిన చీమ

అయ్యా,

పోయిన ఆదివారం మీ అనుబంధంలో వివిధ మతాల తిండి నియమాల మీద వ్యాసం వేశారు. అందులో యూదుల గురించి రాసింది నాలుగే నాలుగు వాక్యాలు. పందిమాంసం తినడాన్ని మించిన పాపం వాళ్లకు లేదని ఒక వాక్యం. పక్కన పంది బొమ్మ, దాని మీద అడ్డంగా ఎర్రగీత. ఆ వాక్యం తప్పు. నేను పండితురాల్ని కాను. మాది రావులపాలెం. ఏఎన్ఎం ట్రైనింగ్ అయ్యాక 2009లో ఇజ్రాయెల్ వెళ్లి, టెల్ అవీవ్‌ను ఆనుకుని ఉన్న బ్నేయ్ బ్రాక్‌లో ఒక పెద్దావిడకు తొమ్మిదేళ్లు కేర్‌గివర్‌గా చేశాను. ఊరు ఊరంతా మడి కట్టుకుని కూర్చున్నట్టుండే చోటు అది. ఆ వంటింట్లో నిలబడి నేర్చుకున్నదే ఇప్పుడు రాస్తున్నాను.

వెళ్లిన మొదటి నెలలో పంచదార డబ్బాకి చీమలు పట్టాయి. ఆవిడకి టీ ఇస్తే గ్లాసులో ఒకటి తేలింది. వేలితో పక్కకి తీసేసి గ్లాసు మళ్లీ అందించాను. చీమలు తింటే కళ్లు బాగా కనబడతాయని మా నాన్నమ్మ మా చేత మింగించేది మరి. సవ్‌తా (వాళ్ల భాషలో అమ్మమ్మ అని; నేనూ అలాగే పిలిచేదాన్ని) గ్లాసు వెనక్కి జరిపేసింది. నోట మాట లేదు. నేనే వెళ్లి తెల్లగుడ్డలో వడపోసి తెస్తే, దీపం కింద పెట్టి చూసుకుని అప్పుడు తాగింది.

ఆ సాయంత్రం ఆవిడ కొడుకు వచ్చాడు. మత పాఠశాలలో పంతులు. నా మొహం చూసి నవ్వి, వేళ్లు మడిచి లెక్క చెప్పాడు. పందిమాంసం తింటే పాతకాలపు న్యాయస్థానంలో ఒక విడత కొరడా దెబ్బలు, అంటే 39. చీమను తింటే ఐదు విడతలు. కందిరీగకి ఆరు. బైబిల్లో లేవీయకాండం 11వ అధ్యాయంలో పాకే పురుగుల గురించి మళ్లీ మళ్లీ వద్దు వద్దు అని ఉంది కాబట్టి, చీమ ఒక్కటే అయినా ఆ వద్దులన్నీ ఒకేసారి దాటినట్టట. ఇది తల్ముద్‌లో (యూదుల పాత మతచట్టాల చర్చల గ్రంథం) ఉన్న లెక్కే. ఇప్పుడు ఎవరూ ఎవర్నీ కొట్టరు, కొట్టే అధికారమున్న న్యాయస్థానాలు ఏనాడో పోయాయి. దెబ్బలు పోయాయిగానీ తూకం మాత్రం అలాగే ఉంది.

ఇంకో చిత్రం ఉంది. పందిమాంసం ఆలివ్ కాయంత తింటేనే దెబ్బల లెక్కలోకి వస్తుంది. అంతకు తక్కువైతే తప్పు తప్పే కానీ శిక్ష లేదు. చీమ ఆలివ్ కాయలో ఎన్నో వంతు? అయినా పూర్తి శిక్షే. దేవుడు సృష్టించిన ఆకారం చెక్కుచెదరకుండా మొత్తంగా లోపలికి పోయింది గనుక. పొరపాటున పందికొవ్వు చుక్క కూరలో పడి కలిసిపోతే, కూర దానికి 60 రెట్లుంటే తినవచ్చు. అదే చీమ చెదరకుండా ఆ కూరలో ఎక్కడో ఉండిపోయిందని తెలిస్తే, కూర వెయ్యి రెట్లున్నా కుదరదు. అందుకే ఆ ఇంట్లో నా రోజులో సగం పాలకూర ఆకు, కొత్తిమీర రెమ్మ, కాలీఫ్లవర్ పువ్వు వెలుగుకెత్తి చూడ్డంతోనే అయిపోయేది. పంది కోసం ఒక్క నిమిషం ఖర్చు పెట్టలేదు. అది ఆ వీధిలోకే రాదు కదా.

చీమ సంగతి అలా ఉంచండి, నిజంగా బరువైనవి వేరే ఉన్నాయి. దెబ్బల పైమెట్టు మీద 'కారెత్' అని ఒకటుంది. తెగిపోవడం అని అర్థం. మనిషి తన జనం నుంచి, దేవుడి నుంచి తెగిపోతాడు. ఏ తప్పులకు కారెత్ పడుతుందో మిష్నాలో (తల్ముద్‌కి మూలమైన చట్టాల గ్రంథం) వరసగా 36 లెక్కపెట్టారు. నెత్తురు తినడం అందులో ఉంది. ఎద్దు, గొర్రె, మేక కడుపులో ఉండే ఒక రకం కొవ్వు ఉంది. పస్కా పండుగలో పులిసిన పిండి తినడం ఉంది. యోమ్ కిప్పూర్ (ఏడాదికోసారి వచ్చే ప్రాయశ్చిత్త దినం) నాడు ఉపవాసం తప్పడం ఉంది. పంది లేదు. ఆ 36లో ఎక్కడా లేదు. మన వైపు ఆదివారం పొద్దున మేక కోసినచోట నల్ల (మేక నెత్తురు) వేయించుకుని తింటాం, కొట్టువాడు రుచికని కాస్త ఆ కడుపు కొవ్వు వేస్తే సంతోషిస్తాం. ఆ ప్లేటు వాళ్ల చట్టం ముందు పెడితే, పక్కింటి పందికూర ప్లేటు కంటే అదే బరువు తూగుతుంది.

అందులోనూ మళ్లీ మెట్లున్నాయి. కోసినప్పుడు ప్రాణంతో పాటు చిమ్మే నెత్తురుకి కారెత్. కండలో మిగిలిన నెత్తురుకి దెబ్బలే. దాన్ని వదిలించడానికే మాంసం అరగంట నానబెట్టి, ఒక గంట ఉప్పులో ఉంచి, మూడుసార్లు కడుగుతారు. లివర్‌కి ఉప్పు చాలదు, నిప్పు మీద కాల్చాలి. ఈ పని నేర్చుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది. స్టవ్ మాత్రం ఏనాడూ నన్ను వెలిగించనివ్వలేదు. యూదులు కానివాళ్లు మొదటినుంచీ చివరిదాకా వండింది వాళ్లు తినరు. సవ్‌తా వాకర్ మీద వచ్చి నాబ్ తిప్పి వెళ్లేది, మిగతాదంతా నాది. ఇది రబ్బీలు (యూదుల మతగురువులు) తర్వాత పెట్టుకున్న నియమం, బరువులో తేలికది. అయినా ఒక్కరోజూ మరవలేదు ఆవిడ.

నేను చేసిన పెద్ద తప్పు వేరే. ఒకసారి ఎద్దుమాంసం కూర చప్పగా ఉందనిపించి వెన్న వేసి ఉడికించాను. మేకపిల్లను తల్లిపాలలో వండకూడదని తోరాలో (బైబిల్లోని మొదటి ఐదు కాండాలు) మూడుచోట్ల ఉంది. మూడుసార్లు ఎందుకంటే, వండకూడదని ఒకటి, తినకూడదని ఒకటి, దానివల్ల ఏ లాభమూ పొందకూడదని ఒకటి. సరే, కింది అంతస్తు వాళ్ల కుక్కకి వేసి వస్తానన్నాను. అదీ కూడదన్నారు. కుక్కవాళ్లు సంతోషిస్తే అదీ లాభమేనట. కుండతో సహా చెత్తలోకి పోయింది. పందిమాంసానికి ఈ బాధ లేదు, కుక్కకి వేసుకోవచ్చు. కోడిమాంసంలో పాలు కలిస్తే మళ్లీ వేరు. కోడికి పాలెక్కడివి? అది రబ్బీల నిషేధమే. పెరుగు గరిటె కోడికూర కుండలో పెట్టిన రోజు పంతులు ఫోనులో నన్ను మూడు ప్రశ్నలు అడిగాడు. గరిటె వేడి తగిలి 24 గంటలైందా, కుండలో ఎంత కూర ఉంది, కోడేనా ఎద్దా? కోడి అన్నాను. ఊపిరి పీల్చుకోవడం నాకు వినిపించింది.

పస్కా వారం నాకు కష్టకాలం. సవ్‌తా వాళ్లది రుమేనియా నుంచి వచ్చిన అష్కెనాజీ (యూరప్ యూదుల) కుటుంబం. ఆ ఏడు రోజులు అన్నం, పప్పులు, ఆవాలు ముట్టరు. సెఫార్దీలు (స్పెయిన్ మూలాల యూదులు) అన్నం తింటారు, మూడుసార్లు ఏరుకుని. అంటే అన్నం మీద ఉన్నది నిషేధం కూడా కాదు, ఆచారం. ఒక ఏడాది మా అమ్మ పంపిన పార్శిల్ విప్పి కోడలు కూర్చుంది. బియ్యం మూట, ఆవకాయ సీసా పైఅల్మారాలో పెట్టించి తలుపు వేసింది. అవి ఇంట్లో ఉండొచ్చు. తర్వాత ఇంగువ డబ్బా తీసి, కళ్లజోడు సర్దుకుని, వెనక ఉన్న చిన్న అక్షరాలు చదివింది. గోధుమపిండి అని ఉంది. గోధుమ కాబట్టి పులిసినదాని కిందే లెక్కట. నాకూ అప్పుడే తెలిసింది, ఇన్నేళ్లూ ఇంగువంటే ఇంగువే అనుకున్నాను. ఆ డబ్బా నాది కాబట్టి చట్టం ప్రకారం వాళ్లకు దోషం లేదట. కానీ పండుగ రోజుల్లో చిటికెడు కుండలో పడిందంటే వెయ్యి వంతుల్లో ఒక వంతైనా కుండ మొత్తం పోతుంది. ఆ సాయంత్రమే దాన్ని టెల్ అవీవ్ బస్ స్టేషన్ దగ్గర మా వాళ్లు అద్దెకుంటున్న గదికి పంపించేశాను.

అదే వారంలో ఒక టాక్సీ డ్రైవర్ పులిసిన పీతా రొట్టె తింటూ కనిపించాడు. మతం పట్టదని తనే చెప్పాడు. "పంది మాత్రం ఈ నోట్లో పెట్టలేదు" అని కూడా అన్నాడు. చట్టం తూకంలో చేతిలోని ఆ రొట్టే ఎక్కువ బరువు.

మరి పంది మీద అంత రోత ఎందుకు? ఆ రోత నిజమే, మీ రచయిత అక్కడే పొరబడ్డారు. తల్ముద్‌లో పంది పేరెత్తకుండా 'ఇంకో సంగతి' అంటారు, రాత్రిపూట మనం పామును పురుగు అన్నట్టు. ఇజ్రాయెల్ దుకాణాల్లో దాన్ని 'తెల్ల మాంసం' అంటారు. దేశంలో చాలాచోట్ల పందుల పెంపకాన్ని నిషేధిస్తూ 1962లో చట్టమే చేశారు. నాకు తోచేది ఇదీ. కతోలిక బైబిల్లో మక్కబీయుల రెండో గ్రంథం ఉంటుంది. గ్రీకు రాజు అంతియోకు మనుషులు 90 ఏళ్ల ఎలియాజరు నోరు తెరిచి పందిమాంసం కుక్కబోతారు. నీకు తగిన మాంసమే తెచ్చుకుని పంది తిన్నట్టు నటించమని తెలిసినవాళ్లు బతిమాలతారు. ఆయన ఒప్పుకోక చస్తాడు. యూదులను మతం మాన్పించాలని రాజ్యమే కత్తి పట్టినప్పుడు చెప్పు పట్టీ కట్టుకునే తీరు కూడా మార్చకూడదని రబ్బీల మాట. అంటే ఆ బరువు పందిది కాదు, నోట్లో పెట్టించబోయిన రాజుది. ఇంకో రబ్బీ మాట పంతులు చెప్పేవాడు. పందిమాంసం నాకు అసహ్యం అనకు, తినాలనే ఉంది కానీ పైనున్న తండ్రి వద్దన్నాడు, ఏం చేయను అను, అని.

సవ్‌తాకి 86 ఏళ్లప్పుడు షుగర్ పెరిగి, యోమ్ కిప్పూర్ ఉపవాసం వద్దని డాక్టర్ గట్టిగా చెప్పాడు. కారెత్ ఉన్న రోజు అది. ప్రాణం మీదికొస్తే ఏదైనా తినాల్సిందే, కానీ తేలికైనదాన్నుంచి మొదలుపెట్టాలి అన్నది నియమం. ఆ రోజు కారెత్ పడే లెక్క పెద్ద ఖర్జూరమంత. అంతకు తక్కువ తక్కువగా తింటే తప్పు తేలికవుతుంది. రబ్బీ కొలత ఇచ్చాడు. ఒక్కో విడత 30 మిల్లీలీటర్ల లోపు, మధ్య తొమ్మిది నిమిషాలు. నీళ్ల కొలత కోసం ముందురోజే ఆవిడ నోరు నిండా పుక్కిలి పట్టి కొలగ్లాసులో ఉమ్మితే, ఒక బుగ్గ ఎంత పడుతుందో గుర్తు పెట్టుకున్నాను. మర్నాడు పొద్దుట్నుంచి దగ్గుమందు మూతతో మెత్తటి బంగాళాదుంప పెడుతూ టైమర్ పట్టుకుని నిలబడ్డాను. ప్రతి మూతకీ ఆవిడ కళ్లు మూసుకునేది. తొమ్మిది నిమిషాలు కాకముందే నోరు తెరిచింది ఒకసారి. ఇంకా రెండున్నాయి సవ్‌తా, అన్నాను. సరేనని మూసుకుంది.

సవరణ వేస్తారో లేదో మీ ఇష్టం. మళ్లీ ఎప్పుడైనా ఈ విషయం మీద వ్యాసం వేసి బొమ్మ పెట్టాల్సి వస్తే మాత్రం, ఆ పంది స్థానంలో ఒక చీమ బొమ్మ పెట్టండి. చోటు కూడా కలిసొస్తుంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
రావులపాలెం, కోనసీమ జిల్లా